చలిదేశంలో లావుబొంగు వెదురు

మన ముళ్ల వెదురులా పొదగా పెరగాలి, బొంగు లావుండాలి, మైనస్ 20 డిగ్రీల్లోనూ బతకాలి అని అమెరికాలో ఉన్న మనవాళ్లు అడుగుతుంటారు. ఈ మూడూ ఉన్న వెదురు లేదు. ఉందని ఎవరైనా అంటగడితే అది బహుశా మోసో: లావే, చలికీ ఆగుతుంది, కానీ దుంప నేలలో పాకి పక్కింటి పెరట్లో తేలుతుంది.

లావు కావాలంటే ఓల్డామీ అనే పొద వెదురు. వెచ్చటి చోట 15 మీటర్లు ఎదిగి, బొంగు 10 సెంటీమీటర్ల దాకా వస్తుంది. మైనస్ 6 సెల్సియస్ దాటితే పైభాగం చచ్చిపోతుంది, కాబట్టి హ్యూస్టన్ దాకా సరే. డల్లాస్, అట్లాంటాల్లో టెక్స్‌టిలిస్ అనే మరో పొద వెదురు నయం: మైనస్ 9 దాకా ఆగుతుంది, బొంగు 5 సెంటీమీటర్లే. న్యూజెర్సీ, షికాగోల్లో ఫార్గేసియా అనే చలిదేశపు పొద వెదురు తప్ప గతి లేదు. అందులో నిటిడా రకం మైనస్ 25నీ తట్టుకుంటుంది గానీ నాలుగు మీటర్లు దాటితే గొప్ప. టెక్సాస్ ఎండకి మాడిపోతుంది.

ఈ అంకెలన్నీ ముదిరిన పొదకే. అసలు చిక్కు కొమ్ములతో, అంటే నేలలోంచి లేచే కొత్త మొలకలతో వస్తుంది. పాకే వెదురు వసంతంలో కొమ్ము వేస్తుంది. ఉష్ణదేశపు పొద వెదురు ఎండాకాలం చివర్లో, శరదృతువులో వేస్తుంది. నవంబరుకి అవి నిలువెత్తు లేస్తాయి గానీ ఆకు ఉండదు, బొంగు ముదరదు. పాత బొంగులకి ఏమీ కాని మంచుకే ఇవి నల్లబడి మెత్తబడిపోతాయి. అందుకే నత్రజని ఎరువు మార్చి ఆఖరు నుంచి జూలై వరకే. పచ్చికకి వేసేది చాలు, కలుపు మందు కలిపిన సంచీ మాత్రం కొనకండి. ఆగస్టు తర్వాత వేసే ఎరువు చలికి చచ్చే కొమ్ములకే పోతుంది.

నాటడం ఏప్రిల్, మే నెలల్లో, ఉత్తరపు గాలి తగలకుండా గోడకి దక్షిణం వైపు, కంచెకి రెండు మీటర్ల ఎడంలో. కుండీ మట్టిముద్దకి రెండింతల వెడల్పు గొయ్యి, లోతు మాత్రం ముద్దంతే. నీరు నిలిచే చోట దుంప చలికన్నా ముందు కుళ్లుతోనే పోతుంది. చిన్న మొక్కని మొదటి రెండు చలికాలాలు కుండీలోనే ఉంచి, గడ్డకట్టే రాత్రుళ్లు గరాజులోకి జరపండి.

నేలలో ఉన్నదానికి నవంబరులో మొక్క మొదలు చుట్టూ జానెడు మందాన ఎండుటాకులు పరవాలి. గడ్డకట్టే రోజుకి ముందే నీళ్లు పెట్టాలి; పొడిమట్టిలో వేళ్లకి నీరందదు, గాలికి ఆకు ఎండిపోతుంది. దుప్పటి కప్పితే అంచులు నేలకి ఆనాలి. ప్లాస్టిక్ పట్టా ఆకుకి తగిలితే తగిలినచోటల్లా కమిలిపోతుంది.

2021 ఫిబ్రవరిలో డల్లాస్‌లో మైనస్ 19కి పడిపోయింది. అలాంటి చలికి ఏ పెద్ద పొదా నిలవదు, పైభాగం పోతుంది. అయినా తొందరపడి నరకొద్దు. మే నెల దాకా ఆగి కొమ్మ మీద గోటితో గీరండి: లోపల పచ్చగా ఉంటే ఆకు రాలినా కణుపుల్లోంచి చిగురిస్తుంది. గోధుమరంగులో ఉంటే ఆ బొంగుని నేలకి దగ్గరి కణుపు పైన కోసేయండి. దుంప బతికుంటే వేసవిలో కొత్త కొమ్ములు వేస్తుంది, కానీ పెన్సిలంత సన్నగా. వాటిని తీసేయొద్దు: దుంప మళ్లీ బలం పుంజుకునేది ఆ ఆకుల వల్లే, పాత లావు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది.