సమ్మె నోటీసు ఇచ్చాం, సమ్మె చేయలేదు

విమానం తలుపు దగ్గర నిలబడి ప్రయాణికులకు నమస్కారం పెడుతున్నంతసేపూ క్యాబిన్ సిబ్బందిమైన మాకు ఫ్లయింగ్ అలవెన్సు, అంటే ఎగిరే గంటల లెక్కన ఇచ్చే డబ్బు, రాదు. చక్రాలకు అడ్డం పెట్టిన చాక్స్ తీసి విమానం కదిలినప్పటి నుంచి, దిగాక మళ్లీ చాక్స్ పెట్టే వరకే లెక్క. బ్రీఫింగ్, భద్రతా తనిఖీలు, బోర్డింగ్, పై అరల్లో పెట్టెల పంచాయితీలు అన్నీ లెక్కకు బయటే. మా చేతికొచ్చేదాంట్లో పెద్ద వాటా ఈ అలవెన్సుదే. అలాంటిది కంపెనీ స్టాండ్‌బై డ్యూటీకి, అంటే పిలిస్తే వచ్చేలా సిద్ధంగా ఉన్నందుకు ఇచ్చే మొత్తాన్ని కూడా ఒక ఈమెయిలుతో ఎత్తేసింది.

అందరం ఒకే రోజు సిక్ లీవు పెడదామన్నారు కొత్తగా చేరిన పిల్లలు. 2024 మేలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లో జరిగింది అదే. పదుల సంఖ్యలో విమానాలు రద్దయ్యాయి, పాతిక మంది దాకా ఉద్యోగాలు పోయాయి. కార్మిక కమిషనర్ దగ్గర రాజీ కుదిరాకే వాళ్లను వెనక్కి తీసుకున్నారు. మా సంఘం కార్యదర్శి, మేమంతా అక్కా అని పిలిచే సీనియర్, ఒక్క మాటే అంది: "జ్వరం లేనివాళ్లు జ్వరమని రాస్తే వాదన అక్కడే ఓడిపోతుంది. నోటీసు ఇద్దాం."

నోటీసు సంగతి నాకు అప్పుడే తెలిసింది. అప్పటికి అమలులో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం విమానయానం ప్రజోపయోగ సేవ. కనీసం 14 రోజుల ముందు నోటీసు ఇవ్వకుండా సమ్మె చేయకూడదు. ఆ నోటీసు కార్మిక శాఖ రాజీ అధికారికి అందిన రోజే ఆయన ముందు రాజీ ప్రక్రియ మొదలైనట్టు లెక్క. అది నడుస్తున్నన్నాళ్లూ, ముగిశాక మరో ఏడు రోజులూ సమ్మె చేస్తే చట్టవిరుద్ధం. అంటే సమ్మెకు దారి తెరిచే కాగితమే సమ్మెను ఆపేస్తుంది! మొదట నవ్వొచ్చింది. కానీ అదే కాగితం యాజమాన్యాన్నీ కట్టేస్తుంది: వివాదంలో ఉన్న షరతులను ఆ మధ్యలో మాకు నష్టం కలిగేలా మార్చకూడదు. మాకు కావలసింది విమానాలు ఆపడం కాదు, వాళ్లను బల్ల దగ్గర కూర్చోబెట్టడం.

బల్ల దగ్గర పనికొచ్చినవి నినాదాలు కావు, మా డ్యూటీ డైరీలు. రిపోర్టింగ్ టైము, తలుపులు మూసిన టైము, చాక్స్ తీసిన టైము పక్కపక్కన రాసిన వరుసలు. పొగమంచులో ఢిల్లీలో ఇరుక్కున్న ఒక రోజు వరుసను రాజీ అధికారి వేలు పెట్టి చదివారు.

"తలుపులు మూసి రెండు గంటలు. అప్పుడు మీరేం చేస్తున్నారమ్మా?"

"నీళ్లిచ్చాం సార్. ఒక పెద్దాయనకు ఊపిరాడకపోతే ఆక్సిజన్ పెట్టాం."

"విమానం కదలలేదు కదండీ," అన్నారు హెచ్‌ఆర్ అధికారి. ఆ గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నా దృష్టిలో మా కేసు అక్కడే మలుపు తిరిగింది.

బోర్డింగ్ డబ్బు కోసం అమెరికా విమాన సంస్థ డెల్టా ఉదాహరణ చూపించాం. ఆ సంస్థ 2022లోనే బోర్డింగ్ సమయానికి సగం రేటు ఇవ్వడం మొదలుపెట్టింది. "అది అమెరికా" అనే జవాబు రానే వచ్చింది. వాయిదాల మీద వాయిదాలు పడ్డాక ఆ చట్టంలోని సెక్షన్ 12(3) కింద, అంటే రాజీ అధికారి ముందు, ఒప్పందం కుదిరింది. ఆ సెక్షన్ కింద కుదిరితే సంతకం పెట్టనివాళ్లకూ వర్తిస్తుంది, అందుకే దానికోసం పట్టుబట్టాం. స్టాండ్‌బై డబ్బు తిరిగి వచ్చింది. తలుపులు మూశాక జరిగే ఆలస్యానికి కొంత ఇస్తారు. బోర్డింగ్‌కు మాత్రం రూపాయి కూడా ఒప్పుకోలేదు.

మాది పాత చట్టం కింద నడిచిన వ్యవహారం. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమలులోకి వచ్చింది. ఆ కోడ్ ప్రకారం ఉద్యోగుల్లో సగం మంది కూడబలుక్కుని ఒకే రోజు క్యాజువల్ లీవు పెట్టినా సమ్మె కిందే జమ. ఈ మాట మా పిల్లలకు ప్రత్యేకంగా చెప్పాం. తర్వాతి వేతన ఒప్పందానికి డిమాండ్ల పత్రం అక్క అప్పుడే రాయడం మొదలుపెట్టింది. బోర్డింగ్ సమయం దాంట్లో మొదటి అంశం.