డియర్‌బోర్న్ వంతెన మీద నలుగురు

పాత ప్రెస్ ఫొటోల్లో నన్ను ఎక్కువసేపు ఆపేసింది 1937 మే 26న అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం డియర్‌బోర్న్‌లో తీసిన ఫొటో. ఫోర్డ్ వాళ్ల రివర్ రూజ్ ఫ్యాక్టరీ నాలుగో గేటు ముందు ఫుట్ ఓవర్‌బ్రిడ్జి మీద కార్ల ఫ్యాక్టరీల కార్మిక సంఘమైన యునైటెడ్ ఆటో వర్కర్స్ యూనియన్ వాళ్లు నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్లలో వాల్టర్ రూథర్, రిచర్డ్ ఫ్రాంకెన్‌స్టీన్ నవ్వుతున్నారు. ఎడమవైపు నుంచి కొందరు మగాళ్లు వాళ్ల మీదికి వస్తున్నారు.

ఆ నవ్వు చూడగానే ఎంత ధైర్యమో అనేస్తాం. కానీ వెనక ఫోర్డ్ పేరు పడేలా నిలబడమని అడిగింది ఫొటోగ్రాఫర్లే, కాబట్టి అందులో కెమెరా కోసం నవ్విన నవ్వు కూడా ఉంది. కాసేపటికే వాళ్లను చితకబాదారు. తర్వాత తీసిన ఫొటోలో ఫ్రాంకెన్‌స్టీన్ కోటు వెనకనుంచి తల మీదికి లాగేశారు, చేతులు అందులో ఇరుక్కుపోయాయి, అలాగే పట్టుకుని కొడుతున్నారు. కొట్టింది హ్యారీ బెనెట్ నడిపే ఫోర్డ్ 'సర్వీస్ డిపార్ట్‌మెంట్' మనుషులు, పేరుకే సర్వీస్, నిజానికి అది కంపెనీ సొంత కాపలా దండు.

వాళ్లు విలేఖరులనూ వదల్లేదు, కెమెరాల్లో ఫొటో పడే ప్లేట్లు లాక్కున్నారు. డెట్రాయిట్ న్యూస్ ఫొటోగ్రాఫర్ జేమ్స్ కిల్‌పాట్రిక్ అసలు ప్లేట్లు కారు వెనక సీటు కింద దాచి, పనికిరానివి వాళ్ల చేతిలో పెట్టాడు. మా మనుషులెవరూ లేరని బెనెట్ బుకాయించాడు, కానీ ఫొటోలు అప్పటికే జనం చూసేశారు. అందుకే ఈ ఫొటో ఎంత బాగుందన్నదాని కన్నా, అది ఎలా బతికి బయటపడిందన్నదే నాకు ముఖ్యం.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ రోజు అసలు పని కరపత్రాలు పంచడం. ఎనిమిది గంటలకు ఆరు డాలర్లు ఇస్తున్న చోట ఆరు గంటలకు ఎనిమిది డాలర్లు కావాలన్నది డిమాండు. ఆ కరపత్రాలు పట్టుకుని ట్రామ్‌లో వచ్చిన వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, వాళ్లనీ తోశారు, కొట్టారు, డియర్‌బోర్న్ పోలీసులు చాలావరకు చూస్తూ నిలబడ్డారు. 1941లో ఫోర్డ్ దిగొచ్చి యూనియన్‌ను గుర్తించింది, రూథర్ తర్వాత ఆ యూనియన్‌కే అధ్యక్షుడయ్యాడు. ఈ ఫొటో ఎక్కడ వేసినా కింద ఆ నాయకుల పేర్లు తప్పకుండా ఉంటాయి. గేటు దగ్గర దెబ్బలు తిన్న ఆ ఆడవాళ్ల గురించి కూడా అక్కడే ఒక్క వాక్యం రాయాలి.