ఎర్రబుట్టలో ఉల్లిపాయలు

పడుకుందామంటే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు గుర్తొచ్చి ఒళ్ళు మండుతోంది.

పొద్దున మన చెత్తబండామె చేతికి సూది దిగింది. ఎవరిదో నల్ల కవరు. లోపల కూరగాయల తొక్కలు, డైపరు, మధ్యలో మూత లేని ఇన్సులిన్ సూది. గ్రూపులో పెట్టానో లేదో, "గ్లౌజులు వేసుకోవచ్చుగా" అని మూడో అంతస్తాయన. కింద వరసగా బొటనవేళ్ళు.

ఆ మాట నేనూ ఆమెని అడిగాను. "ఏసుకుంటే కవరు ముడి రాదమ్మా, సెమటకి జారిపోతాది" అంది. మన వైజాగ్ ఉక్కలో అదీ నిజమే. చెత్త కార్మికులకి గ్లౌజులు, బూట్లు, మాస్కులు, రెయిన్‌కోట్లు ఇవ్వాలని, వాళ్ళు వాడేలా చూడాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లోనే పెట్టారు. సరే, వేసుకుందనే అనుకుందాం. ఆ పలచటి రబ్బరు సూదిని ఆపుతుందా? సూదులు విడిగా ఇవ్వాలని ఇళ్ళవాళ్ళకి చెప్పిందీ అవే నిబంధనలు. అందుకేగా ఇలాంటి ప్రమాదకరమైన చెత్తకి ఎర్రబుట్ట ఇచ్చింది. మా అపార్ట్‌మెంట్లో అందులో ఉల్లిపాయలు పోసుకుంటున్నారు.

సబ్బుతో కుళాయి కింద కడిగించాను, వేలు పిండనివ్వలేదు. ఆస్పత్రికి పొమ్మంటే, బండి ఆపితే మేస్త్రీ ఊరుకోడంది. హెచ్‌ఐవీ రాకుండా మందు వేయాలంటే 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట వారం దాకా బతుకుతుంది. మేస్త్రీకి ఇవన్నీ ఎవరు చెప్పాలి?

హుద్‌హుద్ తుఫాను రోజులు గుర్తొచ్చాయి. 2014 అక్టోబరు 12 తర్వాత వీధి నిండా కూలిన చెట్లు, ఎగిరొచ్చిన రేకులు, కిటికీ అద్దాల పెంకులు. కరెంటు లేదు, నీళ్ళు లేవు. పక్క ఊళ్ళ నుంచి కూడా కార్మికులొచ్చారు. ఒకాయన మడమ తెగితే తువ్వాలు చుట్టుకుని, హవాయి చెప్పులతోనే మళ్ళీ పెంకులెత్తాడు. మావయ్యగారు తన బూట్లు ఇస్తే ఆయన పాదం పట్టలేదు. అత్తయ్యగారు గ్యాసు మిగిలిందో లేదో చూడకుండా ఉప్మా చేసి పెట్టారు. వాళ్ళ కోసం బిందెలతో మంచినీళ్ళు మోసింది ఎవరనుకున్నారు? ఈ మూడో అంతస్తాయనే! మనిషి చెడ్డవాడేం కాదు. అందుకే ఇంకా మండుతోంది.

చెత్తబండామె సాయంత్రం ఆస్పత్రికి వెళ్ళిందట, వాచ్‌మన్ చెప్పాడు. హెపటైటిస్ టీకా వేశారట, నెల తర్వాత ఇంకో డోసు. ఆ రోజు మేస్త్రీ పంపుతాడో లేదో.

అత్తయ్యగారు తను వాడేసిన సూదులు వేసే ఖాళీ ఫినాయిల్ డబ్బా ఫొటో గ్రూపులో పెడదామనుకున్నా. ఈ వేళప్పుడు పెడితే మళ్ళీ గొడవ, రేపు పెడతా.