తెర వెలగకపోయినా కీబోర్డు చెప్పే సంగతులు

బరంపురంలోను, పర్లాకిమిడి వైపున ఉన్న మన తెలుగు ఇళ్లలోను విడిభాగాలు తెప్పించుకుని కంప్యూటరును స్వయంగా బిగించుకునే పిల్లలు కనిపిస్తూనే ఉంటారు. ప్రాసెసరు ఒకచోట, పవర్ సప్లై మరొకచోట కొని, మిగిలినవి కొరియర్‌లో రప్పించుకోవడం వల్ల మొత్తం యంత్రానికి పూచీపడే దుకాణం ఏదీ ఉండదు. స్విచ్చి నొక్కితే తెర నల్లగానే ఉండిపోయినా, తెర వచ్చి కీబోర్డు పనిచేయకపోయినా, లోపం ఎక్కడుందో తేల్చుకోవలసినది బిగించినవాళ్లే. ఈ రెండింటినీ వేర్వేరు సమస్యలుగా చూడకుండా ఒకే వరుసలో పెట్టి చూస్తే దారి త్వరగా దొరుకుతుందని నా నమ్మకం.

స్విచ్చి నొక్కగానే పవర్ సప్లై తన వోల్టేజీలు నిలకడగా ఉన్నాయని మదర్‌బోర్డుకు సంకేతం ఇస్తుంది. ప్రాసెసరు బోర్డు మీది ఫర్మ్‌వేర్‌ను, అంటే బోర్డులోనే భద్రపరచి ఉండే తొలి ప్రోగ్రామును, నడపడం మొదలుపెడుతుంది. ఆ ఫర్మ్‌వేరే మెమరీని, గ్రాఫిక్స్‌ను, కీబోర్డును పరీక్షించుకుని, అన్నీ సవ్యంగా ఉంటే విండోస్‌కో లినక్స్‌కో పగ్గాలు అప్పగిస్తుంది. ఈ పరీక్షనే పోస్ట్ అంటారు. కాబట్టి కీబోర్డు మొదట ఫర్మ్‌వేర్ చేతిలోను, తరువాత ఆపరేటింగ్ సిస్టమ్ చేతిలోను ఉంటుంది.

అందుకే తెర రానప్పుడు నేను మొదట చూసేది నమ్ లాక్ దీపాన్ని. కీబోర్డులో దీపం వెలిగినంత మాత్రాన ఏదీ రుజువు కాదు, పోర్టులో అయిదు వోల్టులు ఉంటే చాలు అది వెలుగుతుంది. నమ్ లాక్ మీట నొక్కిన ప్రతిసారీ ఆ దీపం ఆరి వెలుగుతుంటే మాత్రం యంత్రం బ్రతికే ఉన్నదని, పోస్ట్ చాలావరకు గడిచిందని అర్థం. అప్పుడు అనుమానించవలసింది మానిటరు తీగను, గ్రాఫిక్స్ కార్డును. కార్డు ఉండగా హెచ్‌డీఎంఐ తీగను మదర్‌బోర్డు పోర్టుకు తగిలించడం తరచుగా జరిగే పొరపాటు. పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ పనిచేయదు కనుక, వాటితో బోర్డు పోర్టులో ఎప్పటికీ బొమ్మ రాదు.

మీట నొక్కినా దీపం మారకపోతే లోపం ఇంకా ముందు దశలో ఉన్నట్లు భావించవచ్చు. 24 పిన్నుల పెద్ద కనెక్టరు పెట్టి, ప్రాసెసరుకు విడిగా ఇవ్వవలసిన 8 పిన్నుల తీగను మరచిపోతే ఫ్యాన్లన్నీ తిరుగుతాయి కానీ పోస్ట్ మొదలే కాదు. మెమరీ స్టిక్కులు పైకి కూర్చున్నట్లే కనిపించి లోపల సగమే దిగి ఉండవచ్చు. నాలుగు స్లాట్లున్న బోర్డులో రెండు స్టిక్కులైతే సాధారణంగా ప్రాసెసరు వైపు నుంచి లెక్కించి రెండవ, నాలుగవ స్లాట్లలో పెట్టాలి, పరీక్షించేటప్పుడు ఒక్కటే ఉంచాలి. డీడీఆర్5 అనే కొత్త తరం మెమరీ వాడే బోర్డులు మాత్రం మొదటిసారి మెమరీని సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు నల్ల తెరతోనే ఉండవచ్చు. ఆ సమయంలో ఓపిక పట్టక విద్యుత్తు తీసివేయడం సరికాదు.

యంత్రం ఆగిపోవడానికి కీబోర్డు వైపు పోర్టులే కారణం కావడం కూడా ఉంటుంది. మా వీధిలో ఒక అబ్బాయి బిగించిన కంప్యూటరు, యూఎస్‌బీ పరికరం ఎక్కువ కరెంటు లాగుతున్నదని, 15 సెకన్లలో ఆగిపోతానని తెరపై చూపించి ఆగిపోయేది. కొత్త పవర్ సప్లై కొనడానికి ఇంట్లోవాళ్లు సిద్ధపడ్డారు. తీరా చూస్తే పెట్టె ముందు భాగంలో అతడు కీబోర్డు తగిలించే పోర్టు లోపలి రేకు వంగి పక్క లోహానికి తాకుతోంది. ఆ ముందు పోర్టుల తీగను బోర్డు నుంచి ఊడదీయగానే యంత్రం మామూలుగా లేచింది.

మన వైపు మరొక సంగతి ఎర్తింగు. పాత ఇళ్లలో మూడవ పిన్ను రంధ్రం ఉంటుంది కానీ దాని వెనుక తీగ ఉండదు. పవర్ సప్లై లోపలి వడపోత కెపాసిటర్లు ఎర్త్‌కు కలిసి ఉంటాయి కనుక, ఎర్త్ లేనప్పుడు పెట్టె లోహం మీదకు 230 వోల్టులలో దాదాపు సగం, చాలా తక్కువ కరెంటుతో, వచ్చి చేరుతుంది. తాకితే చిమచిమలాడేది అందుకే. ఆ స్థితిలో పరికరాలు తగిలించి తీయడం పోర్టులకు మంచిది కాదు. విడిభాగం మార్చే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ పెట్టించడం అవసరమని గట్టిగా చెబుతాను.

విండోస్‌లో చక్కగా పనిచేసే కీబోర్డు, మొదట్లో డిలీట్ మీట ఎంత నొక్కినా బయోస్‌లోకి, అంటే ఫర్మ్‌వేర్ అమరికల తెరలోకి, వెళ్లనివ్వకపోతే ఫాస్ట్ బూట్ అమరికను అనుమానించాలి. తొందరగా లేవడానికి అది యూఎస్‌బీ పరీక్షను వదిలేయగలదు. విండోస్‌లో షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే వచ్చే మెనూ నుంచి ఫర్మ్‌వేర్ అమరికలలోకి వెళ్లవచ్చు. అదీ కుదరకపోతే విద్యుత్తు తీసి, బోర్డు మీది నాణెంలాంటి సీఆర్2032 బ్యాటరీని కొద్దిసేపు బయట ఉంచితే అమరికలు మొదటికి వస్తాయి. బ్లూటూత్ కీబోర్డులు చాలావరకు ఈ దశలో పలకవు కాబట్టి తీగ ఉన్నది ఒకటి ఇంట్లో ఉంచుకోవడం మేలు.

ఇక విండోస్ లేచిన తరువాతి చిక్కులు. కుడి షిఫ్ట్‌ను ఎనిమిది సెకన్లు పట్టుకుంటే ఫిల్టర్ కీస్ మొదలు కావచ్చు, అప్పుడు మామూలుగా తాకిన అక్షరాలు పడవు. దీనికన్నా మన ఊళ్లో ఎక్కువగా కనిపించేది భాషల కలయిక. ఇంగ్లీషు, ఒడియా, తెలుగు మూడు లేఅవుట్లూ ఉన్న యంత్రంలో లాగిన్ తెర మీద తెలుగు లేఅవుట్ ఎంపికై ఉంటే, పాస్‌వర్డు చుక్కలుగానే కనిపిస్తుంది కనుక తప్పు బయటపడదు. కీబోర్డు చెడిపోయిందని కొత్తది కొన్నవాళ్లూ ఉన్నారు. పాస్‌వర్డు పెట్టె పక్కనున్న కన్ను గుర్తును నొక్కి చూస్తే పడుతున్నది ఏ లిపో తెలుస్తుంది, విండోస్ మీటతో స్పేస్ బార్ నొక్కితే లేఅవుట్ మారుతుంది.