దానం పద్దు కింద 200 దిర్హాములు

షార్జాలో ఉద్యోగం మానేసి వచ్చి నెల దాటింది. మెహిదీపట్నంలో అమ్మ దగ్గర ఉంటున్నా, కారు మాత్రం అక్కడే పార్కింగులో దుమ్ము కొట్టుకుపోతోంది. కొనేవాడు రెడీగా ఉన్నాడు. బ్యాంకు తాకట్టు తీసేస్తే తప్ప కారు వాడి పేరు మీదికి మారదు, బ్యాంకేమో క్లియరెన్స్ లెటర్ ఇవ్వదు, ఎందుకంటే స్టేట్‌మెంట్‌లో ఇంకా 200 దిర్హాములు బాకీ. ఆ పద్దు పేరు దానం!

నేను తీసుకున్నది మామూలు లోను కాదు, మురాబహా. బ్యాంకు 52,000కి కారు కొని నాకు 60,000కి అమ్మింది, నెలకు 1,250 చొప్పున 48 కిస్తీలు. ధర ముందే ఖాయం కాబట్టి ఆలస్యమైందని పెంచడానికి లేదు, పెంచితే అది రిబా, అంటే ఇస్లాంలో నిషిద్ధమైన వడ్డీ. అలాగని ఊరుకుంటే టైముకు ఎవడు కడతాడు? అందుకే ఆలస్య రుసుము వేస్తారు గానీ దాన్ని తమ లాభంలో కలుపుకోకూడదు, దానధర్మాలకే ఇవ్వాలి. అమ్మకు ఇదంతా చెబితే "మెడ మీద కూర్చుని చేయించేది దానమేంట్రా" అంది.

అసలు నేను ఆలస్యమే చేయలేదు. గ్రాట్యుటీ పడగానే మిగిలిన 7 కిస్తీలూ, మొత్తం 8,750, శుక్రవారం మధ్యాహ్నం యాప్‌లో కట్టేశా. గడువు శనివారం. 2022 నుంచి యూఏఈ కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకు శని, ఆదివారాలు సెలవు, శుక్రవారం సగం పూటే, దాంతో నా డబ్బు సోమవారం జమ అయినట్టు రాసుకున్నారు.

ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు, కాకపోతే లాగిన్ కావాలంటే ఓటీపీ నా షార్జా నంబరుకే వెళ్తుంది. ఆ సిమ్ రూమ్మేట్ ఫోన్లో వేసి వచ్చా, జగిత్యాల పిల్లాడు. వాడు డ్యూటీలో ఉంటే ఫోన్ ఎత్తడు, ఎత్తితే "అన్నా, పంపిన, జల్ది కొట్టు" అంటాడు, నేను కొట్టేలోపు టైం అయిపోతుంది. నాలుగో రోజుకు గానీ ఫారం పూర్తి కాలేదు.

టోలీచౌకీ ఫ్రెండు "కోర్టు గీర్టు వద్దు భాయ్, సుల్హ్ అడుగు" అన్నాడు. సుల్హ్ అంటే రాజీ. ఒప్పందం తిరగేస్తే ఇలాంటి మాటలు చాలా కనిపించాయి, కొన్ని మన ఇంటివే: వకాలా మన వకాల్తాకు చుట్టం, ఇజారా అయితే మన తాతల నాటి ఇజారానే. పెద్ద కంపెనీల తగాదాలకైతే ఇస్లామిక్ ఫైనాన్స్ కోసమే దుబాయ్‌లో ఒక అంతర్జాతీయ మధ్యవర్తిత్వ కేంద్రం ఉంది. నాలాంటి వాళ్లకు బ్యాంకుల మీద ఫిర్యాదులు చూడ్డానికి 2023లో పెట్టిన సనదక్ అనే సంస్థ ఉంది, ముందు బ్యాంకుకే ఫిర్యాదు చేసి 30 రోజులు చూశాకే అక్కడి గడప తొక్కాలి. ఏది షరియాకు సరిపోతుందో తేల్చడానికి సెంట్రల్ బ్యాంకు దగ్గర వేరే షరియా అథారిటీ ఉంది. నా గొడవ అంత దూరం పోయేది కాదు, రుసుము వేయడం తప్పని నేను అనలేదు, తేదీ చూడండి అన్నానంతే.

రోజులు లెక్కపెట్టుకుంటుండగా 19వ రోజు వీడియో కాల్ వచ్చింది. అవతల ఫిలిప్పీన్స్ అమ్మాయి, యాప్ రసీదు స్క్రీన్ మీద పెట్టమంది. పెట్టా. శుక్రవారం, 2:47. ఆ తేదీని వేలితో చూపిస్తూ నా ఇంగ్లీషులో ఏదో వివరించబోయా, ఆమె "కనిపిస్తోంది సర్" అని ఆపేసింది, మొత్తం మూడు నిమిషాలు. షరియా మాటే రాలేదు, ఫత్వా కోసం నేను ముందు రాత్రంతా చదివింది వృథా.

గురువారం లెటర్ పీడీఎఫ్‌లో వచ్చింది. తెరవడానికి మళ్లీ ఓటీపీ.

"అన్నా, గిదే లాస్టు గదా? సిమ్ తీసెయ్యనా?"

కారు పేరు మారేదాకా ఉంచరా అన్నా.