డోర్నకల్ దాటి మిరప చేలదాకా

గుంటూరులో పుట్టి, అక్కడి లూథరన్ గుడిలోనే బాప్తిస్మం పొంది, అక్కడే పెళ్లి చేసుకుని, ముప్పై ఏళ్లుగా ఎడమ వైపు నాలుగో బల్ల మీదే కూర్చుంటున్న నాకు విశ్వాసం అంటే ఒక విధంగా ఆ బల్లే. ఆరాధన క్రమాన్ని పుస్తకం చూడకుండా చెప్పగలను. కీర్తనల పుస్తకంలో ప్రతి కీర్తనకూ పైన అచ్చువేసిన రాగతాళాలు కూడా చాలావరకు నోటికి వచ్చు. ఇదంతా భక్తి అని ఇతరులు అనేవారు, నేను కాదనేదాన్ని కాదు.

మా స్త్రీల సమాజం ఏటా బట్టలూ దుప్పట్లూ పోగుచేసి డోర్నకల్ వైపున్న ఒక లంబాడా తండాకు పంపుతుంది. ఈ జనవరిలో మాత్రం, మూటలు పంపి ఊరుకోవడం కాదు, ఎవరైనా వెళ్లి నాలుగు రోజులు ఉండి రావాలని మా సంఘ పాస్టరు అయ్యగారు పట్టుబట్టారు. మోకాళ్ల నొప్పి అని నేనూ ఒక సాకు చెప్పాను. నా సాకు కంటే మిగిలిన వారి సాకులు బలమైనవి కావడం వల్ల, ఇంకో ఇద్దరితో కలిసి నేను బయలుదేరవలసి వచ్చింది. 1842లో మా గుంటూరుకు వచ్చిన అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్, డెబ్బై దాటిన వయసులో 1869లో మళ్లీ ఓడెక్కి రాజమండ్రి మిషనును నిలబెట్టడానికి వచ్చాడని సండే స్కూలు పిల్లలకు ఎన్నోసార్లు చెప్పిన దాన్ని, 150 కిలోమీటర్ల రైలు ప్రయాణానికి మోకాళ్లు అడ్డుపెట్టానన్న సంగతి గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కాక గాని తోచలేదు.

ఖమ్మం దాటిన తర్వాత కిటికీ బయట పత్తి చేలు, వాటి మధ్య ఎర్రబడుతున్న మిరప తోటలు కనిపించాయి. డోర్నకల్ జంక్షన్‌లో కొత్తగూడెం వైపు బొగ్గు లైను విడిపోతుంది. అక్కడ దిగి ఆటోలో మూటలు వేసుకుని తండా చేరేసరికి మధ్యాహ్నమైంది. చిన్న రేకుల గుడి, దాని ముందు వేపచెట్టు, నీడలో మా కోసం వేసిన నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. ఆడవాళ్లు వరుసగా నిలబడ్డారు, మేము పేర్లు పిలిచి దుప్పట్లు ఇచ్చాము, ఫొటోలు తీసుకున్నాము. అంతా గంటన్నరలో అయిపోయింది. మిగిలిన మూడున్నర రోజులు ఏం చేయాలో మేము ఆలోచించుకుని రాలేదు.

నన్ను ఒక ముసలామె ఇంట్లో ఉంచారు. తండాలో అందరూ ఆమెను యాడీ అంటారు, వాళ్ల భాషలో అమ్మ అని అర్థం. ఆ రాత్రి ఆమె జొన్న బాటీలు, కోడి కూర చేసి, కంచం పక్కన చెంబుతో నీళ్లు పెట్టింది. నేను సంచిలోంచి గుంటూరు నుంచి తెచ్చుకున్న సీసా తీశాను. ఆమె ఏమీ అనలేదు, చెంబును కొంచెం పక్కకు జరిపింది, అంతే. బావి దగ్గర సమరయ స్త్రీని ప్రభువు దాహానికి నీళ్లు అడిగిన కథను రంగుల పటాలు పెట్టి పద్దెనిమిదేళ్లు పిల్లలకు బోధించాను. యూదులు సమరయుల పాత్రలు ముట్టరని, ప్రభువు ఆ గోడను కూల్చాడని వివరించేదాన్ని. ఆ కథలో చేయి చాపినవాడు ప్రభువేనని, ఇవ్వడం ఆమె వంతయిందని, ఆ సీసా మూత తిప్పుతున్నప్పుడు మొదటిసారి తట్టింది. కడుపు నొప్పి వస్తుందేమోనన్న భయం అబద్ధం కాదు. కాని అందులో భయం ఒక్కటే ఉందని చెప్పలేను. పనిమనిషికి వేరే గ్లాసు పెట్టే అలవాటు మన క్రైస్తవుల ఇళ్లలో కూడా పోలేదని మనకందరికీ తెలుసు, ఆ గ్లాసు మా ఇంట్లోనూ ఉంది.

మర్నాడు సాయంత్రం ప్రార్థన కూడికలో కరెంటు పోయింది. యాడీ మనవడికి రెండు రోజులుగా జ్వరం. వాడిని నా ఒళ్లో పడుకోబెట్టి, "ప్రార్థన చెయ్యి బిడ్డా" అన్నది. నా ప్రార్థనల పుస్తకం ఆమె ఇంట్లో సంచిలో ఉంది. రోగుల కొరకైన ప్రార్థన ఎలా మొదలవుతుందో గుర్తుంది, రెండో వాక్యం దగ్గర ఆగిపోయాను. చుట్టూ నలభై మంది చీకట్లో కదలకుండా వింటున్నారు. చివరకు ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పి ముగించాను.

"పుస్తకం లేకుంటే రాదా బిడ్డా?" అని యాడీ అడిగింది. ఆ మాటలో ఎగతాళి లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. తర్వాత తానే, ఇంటి పెద్దకొడుకుతో కష్టం చెప్పుకున్నట్టు, మధ్యలో కొంచెం దబాయిస్తూ, తన భాషలో చాలాసేపు ప్రార్థించింది. నాకు అర్థమైనవి రెండే మాటలు: యేసు, గుంటూరు. పిల్లవాడి కోసం మొదలుపెట్టిన ప్రార్థనలో ఆమె నన్ను కూడా చేర్చుకుంది.

మూడో రోజు ఊరంతా మిరపకాయలు కోయడానికి పోతే, ఒక్కదాన్నే ఇంట్లో కూర్చోలేక నేనూ వెంట వెళ్లాను. గుంటూరు దాన్ని, మిర్చి యార్డు మీదుగా ఘాటు పీలుస్తూ పెరిగిన దాన్ని, మిరపకాయ గురించి నాకొకరు చెప్పాలా అనుకున్నాను. యార్డులో బస్తాలుగా చూసిన కాయను మొక్క మీద నుంచి తుంచడం వేరే విద్య. తొడిమ ఊడకుండా, కొమ్మ విరగకుండా, పండిన కాయను మాత్రమే ఏరాలి. నడుము వంచి సాలు వెంట కదులుతూ నేను అర బుట్ట నింపేసరికి నా పక్క సాలు పిల్ల మూడు బుట్టలు కుమ్మరించి వచ్చింది. మధ్యాహ్నానికి వేళ్లు మండడం మొదలై, తెలియక ఒకసారి కన్ను నలుపుకోవడంతో, గట్టు మీద కూలబడి చిన్నపిల్లలా ఏడ్చాను. యాడీ తన సద్దిలోని మజ్జిగతో నా చేతులు కడిగి, నూనె రాసి, నా బుట్టలో తన కాయలు సగం పోసింది. నన్ను చూసి అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ తర్వాత దాహమేసి చెంబెడు నీళ్లు తాగేశాను. అవి ఏ నీళ్లో, ఎక్కడివో అడగాలన్న ఆలోచన తాగాక గాని రాలేదు. కడుపు నొప్పి రాలేదు (వచ్చి ఉంటే ఈ అనుభవం ఇంకో రకంగా రాసేదాన్నేమో).

ఆదివారం తెల్లవారాక అక్కడి అయ్యగారు మమ్మల్ని డోర్నకల్ ఎపిఫనీ కెథీడ్రల్‌కు తీసుకువెళ్లారు. ఇంతకు ముందు దాన్ని ఫొటోల్లోనే చూశాను. గుమ్మటాలు, మినార్లు చూస్తే మసీదు గుర్తొస్తుంది, లోపలి రాతి స్తంభాలు చూస్తే హిందూ దేవాలయ మండపంలో నిలబడ్డట్టుంటుంది. పాతికేళ్లు కట్టి 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన ఈ కట్టడం వెనుక ఉన్నది బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టిన తమిళుడు. 1903లో అక్కడ భారతీయ మిషనరీ సంఘం పెట్టడంలో ముందు నిలబడి, తెలుగు నేలకు సువార్త పనివాళ్లను పంపించాడు. వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దేశమంతా తిరుగుతూ ఇతరులను వెళ్లమని చెబుతున్న మనిషి, 1909లో తానే ఆ ఉద్యోగం వదిలి, నిజాం రాజ్యంలోని ఈ మారుమూల ఊరికి వచ్చి, రాని తెలుగును కూర్చుని నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. అయినా ఆయన పని ఎక్కువగా మాల మాదిగ పల్లెల్లోనే సాగింది.

ఈ వివరాలు పుస్తకాల్లో చదివినవే. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగం కూడా చదివాను. బీదలకు మీరు ఆస్తులిచ్చారు, మీ శరీరాలను సైతం అర్పించారు, మేము ప్రేమను కూడా అడుగుతున్నాము, మాకు స్నేహితులను ఇవ్వండి అని పాశ్చాత్య మిషనరీలను ఎదురుగా పెట్టుకుని అన్న మాట అది. చదివిన ప్రతిసారీ ఆ మాట దొరలకు తగిలిందని సంతోషించాను. చల్లని రాతి నేల మీద మండుతున్న చేతులు ఆనించి కూర్చున్నప్పుడు, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పేర్లు పిలిచి దుప్పట్లు ఇచ్చిన మా ముగ్గురి ఫొటో గుర్తుకొచ్చింది.

బాప్తిస్మం పొందినవారందరినీ అజరయ్య తమ చేయి తమ తల మీద పెట్టుకుని, "అయ్యో, నేను సువార్తను ప్రకటింపకపోయినయెడల నాకు శ్రమ" అన్న పౌలు మాటను చెప్పమనేవారని అయ్యగారు వివరించి, మమ్మల్నీ అలా చెప్పమన్నారు. పక్కన యాడీ చేయి తల మీదికి వెంటనే వెళ్లింది. ప్రకటించడం అంటే ఇంతకాలం నేను అనుకున్నదేమిటో, ఆమె చెంబును పక్కకు జరిపిన రాత్రి నేను ప్రకటించినదేమిటో తేల్చుకోలేక, నా చేయి ఒళ్లోనే ఉండిపోయింది.

సాయంత్రం స్టేషన్‌కు సాగనంపడానికి వచ్చిన యాడీ, అర కిలో ఎండు మిరపకాయలు కొంగులోంచి తీసి నా సంచిలో వేసింది. గుంటూరుకు మిరపకాయలు! నేను ఐదు వందల నోటు ఇవ్వబోతే చేతిని వెనక్కి నెట్టి, "ఈస్టరుకు నేనొస్తా గాని, మీ ఇంట్ల నన్ను ఎక్కడ పండబెడ్తవు?" అని అడిగింది. "మా ఇంట్లోనే" అన్నాను. కాని ఆ జవాబు రావడానికి ముందు ఒక్క క్షణం ఆలస్యమైంది, ఆమె దాన్ని గమనించిందో లేదో నాకు తెలియదు.

ఈస్టరుకు ఇంకా మూడు వారాలుంది. శుక్రవారం నాటి బండికి మనవడితో పాటు వస్తానని ఫోను చేయించింది. వెనక గదిలో కాకుండా ముందు గదిలో ఆమెకు మంచం వేయాలని మావారితో చెప్పాను. ఆయన కాదనలేదు. మంచం మాత్రం ఇంకా అటకెక్కే ఉంది.