నీళ్లలోంచి నీళ్లు తీసేస్తే

హనుమకొండలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి సెమిస్టర్‌లో నాకు వచ్చిన ప్రాజెక్టు పేరు వింటే ఎవరికీ పెద్దగా ఉత్సాహం కలగదు. నీళ్లలో తేలే నూనె బిందువుల చుట్టూ ఉన్న నీటి పొరను కాంతితో పరిశీలించడం, అంతే. ఆ బిందువులు కంటికి కనిపించేవి కావు, వ్యాసం సుమారు 200 నానోమీటర్లు. వాటిని అంటుకున్న నీటి అణువులు మిగతా నీటిలాగే హైడ్రోజన్ బంధాలతో అల్లుకుని ఉంటాయా, లేక నూనె పక్కన పడేసరికి కొన్ని బంధాలు తెగి విడిగా మిగులుతాయా అన్నది ప్రశ్న.

దీనికి అసలైన పద్ధతి వేరే ఉంది. రెండు లేజర్ కిరణాలను ఒకేచోట కలిపి, వాటి పౌనఃపున్యాల మొత్తంతో వెలువడే కాంతిని పట్టుకుంటారు. అణువులు ఎటుపడితే అటు తిరిగి ఉండే ద్రవం లోపల ఆ కాంతి పుట్టదు. అవి ఒక దిక్కుకు వరుసకట్టే హద్దు దగ్గరే పుడుతుంది. 1996లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఐసెంతల్ బృందం ఇదే సూత్రంతో నీటిలో తేలే సూక్ష్మ గోళాల ఉపరితలాన్ని చూపించింది. 2021లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో సిల్వీ రోక్ బృందం నూనె బిందువుల మీదే చేసి చూపింది. దానికి ఫెమ్టోసెకండ్ లేజర్లు, అంటే అతి స్వల్ప కాలపు మెరుపులిచ్చేవి, కావాలి. మా ప్రాజెక్టు బడ్జెట్‌కు వాటి కటకం ఒక్కటి కూడా రాదు. కనుక మాకు మిగిలింది 1928లో సి.వి. రామన్ కలకత్తాలో కనిపెట్టిన దారే, అంటే అణువులను తాకి చెదిరిన కాంతిలో వచ్చే రంగు మార్పును కొలవడం.

రామన్ పద్ధతితో చిక్కేమిటంటే అది లోపలి నీటినీ, అంచు నీటినీ వేరుచేయకుండా అంతా చూపిస్తుంది. లెక్క వేశాక గాని నాకు అసలు సంగతి తెలియలేదు. నూటికి రెండు పాళ్లు నూనె వేసి 200 నానోమీటర్ల బిందువులుగా చిదిపితే, ఒక్క మిల్లీలీటరులో 0.6 చదరపు మీటర్ల ఉపరితలం తయారవుతుంది. వినడానికి ఘనంగానే ఉంది. కానీ ఆ ఉపరితలాన్ని తాకే నీటి అణువు దాదాపు 5,500లో ఒకటి. స్పెక్ట్రమ్ (ఏ రంగు కాంతి ఎంత వచ్చిందో చూపే గీత) నిండా మిగతా వాటిదే రాజ్యం. అందుకని ఎమల్షన్ (నూనె బిందువులు తేలే నీళ్లు) స్పెక్ట్రమ్ ఒకటి, ఉత్త నీటి స్పెక్ట్రమ్ ఒకటి తీసి, మొదటిదానిలోంచి రెండోదాన్ని తీసేయాలి. ఎనుమాముల మార్కెట్లో మిర్చి లారీని డ్రైవరు తువ్వాలుతో ఒకసారి, తువ్వాలు లేకుండా ఒకసారి వేబ్రిడ్జి ఎక్కించి, తువ్వాలు బరువెంతో చెప్పమన్నట్టు.

సబ్బులాంటిదేదీ కలపకూడదన్నది మా మేడమ్ షరతు. కలిపితే బిందువులు బాగా నిలుస్తాయి గాని, ఉపరితలం మీద ఆ సబ్బే పరుచుకుని కూర్చుంటుంది. గాజు సామానుకు చేతి జిడ్డు అంటినా అదే కథ. అందువల్ల పనిలో సగం కడగడమే. నచ్చిన భాగం సోనికేటర్ దగ్గరిది, అంటే కంపించే కడ్డీతో నూనెను నీళ్లలో చిదిపే యంత్రం. చెవులు చిల్లులు పడే కీచు శబ్దం మధ్య, పైన తేలే నూనె తెట్టు మెల్లగా మాయమవుతుంది. నీళ్లు మొదట మసకబారి, తర్వాత నీలి ఛాయతో తెల్లబడతాయి. కడ్డీ వేడికి నీళ్లు కాగకుండా బీకరును మంచు నీటిలో ఉంచుతాం.

మేం వాడిన నూనె హెక్సాడెకేన్. అది 18 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. జనవరి పొద్దున బీరువా తీస్తే సీసాలో తెల్లగా బిగుసుకుపోయి ఉండేది. అదే చలిలో ఎమల్షన్‌లోని బిందువులు మాత్రం ద్రవంగానే ఉంటాయి. గడ్డకట్టడం మొదలవడానికి ఏదో ఒక నలక కావాలి. సీసాలో ఒక్కటి చాలు, అక్కడి నుంచి మొత్తానికి పాకుతుంది. ఎమల్షన్‌లో ఏ బిందువుకు ఆ బిందువే మొదలుపెట్టుకోవాలి, చాలావాటికి ఆ నలకే దొరకదు. నా ప్రాజెక్టుకు దీనితో సంబంధం లేదు, కానీ ఆ సెమిస్టర్ మొత్తంలో నాకు బాగా నచ్చింది ఇదే.

కొలతకు మామూలు హెక్సాడెకేన్ పనికిరాదు. దాని కార్బన్–హైడ్రోజన్ బంధాల శిఖరాలు 2,800–3,000 వేవ్‌నంబర్ల (స్పెక్ట్రమ్‌లో చోటును చెప్పే కొలమానం) మధ్య, నీటి పట్టీని (నీటి సంకేతం పరుచుకున్న మేరను) ఆనుకునే పడతాయి. హైడ్రోజన్‌కు బదులు డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) ఉన్న నూనె తీసుకుంటే అవి 2,100–2,200 దగ్గరకు జరిగి, దారి వదులుతాయి. దాని సీసా వేలెడంత, ధర మాత్రం బారెడు. దాన్ని పిపెట్‌తో తీస్తున్నంతసేపు ల్యాబులో ఎవరూ మాట్లాడేవారు కాదు.

రామన్ పరికరం హైదరాబాదులో ఉంది. దరఖాస్తు, గైడు సంతకం, విభాగాధిపతి సంతకం, ఫీజు రసీదు అన్నీ పంపితే ఒక పూట కేటాయిస్తారు. థర్మోకోల్ పెట్టె ఒళ్లో పెట్టుకుని కాజీపేటలో రైలెక్కాను. పరికరం చూసుకునే ఆయన నా నమూనాల జాబితా చదివి, "ఏమ్మా, హనుమకొండ నుంచి నీళ్లు మోసుకొచ్చావా? మాకిక్కడ మంజీరా వస్తుంది కదా!" అన్నారు. హాస్యం అలా ఉన్నా పనిలో మహా గట్టివారు. పరికరాన్ని సరిచూసే సిలికాన్ ముక్క శిఖరం 520.7 దగ్గర కచ్చితంగా పడేదాకా నా సీసాను తాకనివ్వలేదు.

ఇక అసలు గండం ఉష్ణోగ్రత. నీరు వేడెక్కితే దాని పట్టీలో 3,200 వైపు భుజం తగ్గి, ఎగువ వైపు పెరుగుతుంది. అంచున బంధాలు తెగిన నీటి నుంచి మనం ఆశించే మార్పు కూడా అచ్చం అలాగే ఉంటుంది. అంటే ఎమల్షన్ ఒక్క డిగ్రీ వెచ్చగా ఉన్నా, తీసివేత తర్వాత ఎంతో అందమైన 'ఉపరితల స్పెక్ట్రమ్' చేతికి వస్తుంది, అందులో ఉపరితలం మాత్రం ఉండదు. ఇది కళ్లారా చూడాలని మేడమ్ ముందే చెప్పి పంపారు. 26 డిగ్రీల నీటిలోంచి 25 డిగ్రీల నీటిని తీసేసి చూశాను. వచ్చిన గీతను అలాగే రిపోర్టులో పెడితే ఎవరూ అనుమానించరు. ఆ తర్వాత ప్రతి నమూనాను ఒకే హోల్డర్‌లో, 25 డిగ్రీల వద్ద, ఒకే సమయం ఉంచి, నీరు, ఎమల్షన్, మళ్లీ నీరు అన్న వరుసలో కొలిచాం. ఆ రెండు నీళ్లు ఒకదాన్నొకటి పూర్తిగా కొట్టేసుకుంటేనే మధ్యలోని ఎమల్షన్‌ను లెక్కలోకి తీసుకున్నాం.

అదొక్కటే చాలదు. నూనె పాళ్లు మార్చకుండా బిందువుల్ని మాత్రం 400 నుంచి 200 నానోమీటర్లకు చిన్నవి చేస్తే ఉపరితలం రెట్టింపవుతుంది. మిగిలిన సంకేతం అంచుదే అయితే దానితోపాటు పెరగాలి. రెట్టింపుకు కాస్త తక్కువగా పెరిగింది. 3,670 దగ్గర, హైడ్రోజన్ బంధం లేని ఓ–హెచ్‌లు (నీటి అణువులోని ఆక్సిజన్–హైడ్రోజన్ జతలు) కనిపించే చోట, చిన్న బొడిపె నిలిచింది. కొలత దోషం కన్నా అది మరీ ఎత్తేమీ కాదు. రిపోర్టులోనూ అలాగే రాశాను.

వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షకులు మొదట అడిగింది వేడి గురించే. 26 డిగ్రీల గీతనూ, రెండు పరిమాణాల గీతలనూ పక్కపక్కన చూపించాను. ఆయన కాసేపు చూసి, "ఆమ్లత మార్చి చూశారా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. సబ్బు లేకున్నా నూనె బిందువుల మీద ఋణావేశం ఉంటుంది, ఆమ్లత పెరిగితే అది తగ్గుతుంది. ఆ ఆవేశం హైడ్రాక్సైడ్ అయాన్ల వల్లనా, నీటికీ నూనెకూ మధ్య ఎలక్ట్రాన్ల బదిలీ వల్లనా అని వాదన నడుస్తూనే ఉంది. చూడలేదని చెప్పాను. అప్పటికే డ్యుటీరియం నూనె అయిపోయింది. కొత్త సీసాకు ఇండెంట్ పెట్టాం, వస్తే ఆ కొలతలు నా జూనియర్ చేస్తుంది.